14 నెలల బాబుకి కుడి బీజం తిత్తిలోకి దిగలేదు, ఐదేళ్ల దాకా ఆగొచ్చా?

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి 14 నెలలు. పుట్టినప్పటి నుంచీ కుడివైపు బీజం తిత్తిలో తగల్లేదు. స్కాన్ తీయిస్తే గజ్జల్లో ఉందని, ఎడమదానికన్నా కాస్త చిన్నదని రాశారు. ఒక డాక్టరుగారు ఐదేళ్లొచ్చేదాకా చూద్దామన్నారట. ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి మర్దన చేస్తే అదే దిగుతుందంటున్నారట. వాళ్లాయన చెన్నైలో పనిలో ఉన్నారు, సంక్రాంతికి వస్తారు. అప్పటిదాకా ఆగొచ్చా, ఆపరేషన్ వల్ల బీజం చెడిపోతుందా, రేపు పెళ్లయ్యాక పిల్లలు పుడతారా అని అడిగారు.

అమ్మా, సూటిగా చెబుతాను. ఐదేళ్ల దాకా ఆగకూడదు. ఆరు నెలలు నిండినా దిగని బీజం ఆ తర్వాత దానంతటది దిగడం చాలా అరుదు. ఏడాదిన్నర నిండేలోపు ఆపరేషన్ అయిపోవాలి. మీ బాబుకి 14 నెలలే కాబట్టి సమయం ఇంకా ఉంది, కానీ చివరికొచ్చింది. ఆపరేషన్ వల్ల బీజం చెడిపోవడం అరుదు. పైన ఉండిపోవడం వల్లే అది చెడుతుంది. ఒకవైపే సమస్య ఉండి రెండోది బాగుంటే, పెద్దయ్యాక పిల్లలు పుట్టే అవకాశం మిగతా మగవాళ్లకి దాదాపు సమానంగానే ఉంటుంది.

బీజం అంటే వృషణం. ఇళ్లలో అందరూ అనే మాట కాబట్టి నేనూ అదే వాడతాను.

తల్లి కడుపులో మగబిడ్డ బీజాలు మొదట మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. అక్కణ్ణుంచి మెల్లగా జారి, ఏడో నెల వచ్చాక గజ్జల్లోని సన్నటి దారి గుండా తిత్తిలోకి చేరతాయి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోవడమే ఈ సమస్య. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో నూటికి ముప్పై మంది దాకా పుట్టినరోజున ఇలా కనపడుతుంది. వాళ్లలో ఎక్కువమందికి మొదటి కొన్ని నెలల్లోనే దిగిపోతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో పసివాడి ఒంట్లో మగ హార్మోను ఒకసారి బాగా పెరిగి, మళ్లీ తగ్గిపోతుంది. అది తగ్గాక బీజాన్ని కిందికి దించే బలం ఇంకేదీ ఉండదు. ఏడాది నిండేసరికి మొత్తం మగపిల్లల్లో నూటికి ఒకరు మిగులుతారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఈ ఆరు నెలల లెక్క పుట్టిన తేదీ నుంచి కాదు, కాన్పు కావలసిన తేదీ నుంచి వేసుకోవాలి.

ఐదేళ్ల మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఒకప్పుడు చిన్నపిల్లలకి మత్తు ఇవ్వడం కష్టంగా ఉండేది. బీజం లోపల ఏం జరుగుతోందో కూడా తెలిసేది కాదు. బడికి వెళ్లే వయసులో చేస్తే చాలనుకునేవారు. తర్వాత ఆపరేషన్ సమయంలో తీసిన చిన్న ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూడ్డం మొదలయ్యాక ఆ వయసు దిగుతూ దిగుతూ ఏడాదికి వచ్చింది. అమెరికా యూరాలజీ సంఘం 2014 మార్గదర్శకాల ప్రకారం ఆరు నెలలకి దిగకపోతే సర్జన్‌కి చూపించాలి, ఆ తర్వాత ఏడాది లోపు ఆపరేషన్ అయిపోవాలి. యూరప్ వాళ్లు ఏడాదికే చేయమంటారు, ఎంత ఆలస్యమైనా ఏడాదిన్నర దాటనివ్వద్దంటారు.

ఇంత తొందరెందుకో అర్థమైతే ఇంట్లోవాళ్లకి చెప్పడం మీకు తేలికవుతుంది. ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్. తిత్తిలో అంతకన్నా మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. వీర్యకణాలు తయారయ్యే పని ఆ చల్లదనంలోనే సాగుతుంది. ముఖ్యంగా మూడో నెల నుంచి ఏడాది లోపు బీజంలో ఒక పెద్ద మార్పు జరుగుతుంది. పుట్టుకతో వచ్చిన తొలి కణాలు, జీవితాంతం వీర్యకణాలకి విత్తనంలా పనికొచ్చే మూలకణాలుగా మారతాయి. గజ్జల్లోనో కడుపులోనో ఉన్న బీజంలో ఆ మార్పు సరిగా జరగదు. ఏడాది దాటాక ఆ కణాల సంఖ్య తగ్గుతూ పోతుంది. తగ్గినవి మళ్లీ పుట్టవు.

మగ హార్మోను తయారుచేసే కణాలు మాత్రం వేడికి ఇంకాస్త ఓర్చుకుంటాయి. అందుకే రెండు బీజాలూ పైనే ఉండిపోయిన కుర్రాడికి కూడా మీసం వస్తుంది, గొంతు మారుతుంది, ఎత్తు పెరుగుతాడు. ఇంట్లోవాళ్లు అంతా బాగుందనుకుంటారు. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరని వీర్య పరీక్ష చేయించినప్పుడు విషయం బయటపడుతుంది. అలా పాతికేళ్లకి వచ్చేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది, ఏడాది వయసులో ముప్పావు గంట ఆపరేషన్‌తో అయ్యే పని అది.

స్వీడన్‌లో ఒకవైపు బీజం దిగని పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 9 నెలలకి, ఇంకో గుంపుకి 3 ఏళ్లకి ఆపరేషన్ చేసి, బీజం సైజు కొలుస్తూ వచ్చారు. 9 నెలలకి చేసినవాళ్లలో ఆ బీజం మళ్లీ పెరగడం మొదలుపెట్టి, రెండోదాన్ని కొంతవరకూ అందుకుంది. 3 ఏళ్లకి చేసినవాళ్లలో ఆ పెరుగుదల కనపడలేదు. మీ స్కాన్‌లో చిన్నదని రాశారంటే భయపడకండి, పైన ఉన్న బీజం చిన్నదిగా ఉండటం మామూలే. ఇప్పుడు దించితే పెరిగే వీలుంది. అయితే రెండోదానికి పూర్తిగా సమానం అవుతుందని మాట ఇవ్వలేం.

ముందు ఇది నిజంగా దిగని బీజమా, పైకి లాక్కునే బీజమా అన్నది తేలాలి. కొంతమంది పిల్లలకి బీజం దిగే ఉంటుంది గానీ చలికి, భయానికి, డాక్టరు చెయ్యి తగలగానే కండరం లాగేసి గజ్జల్లోకి ఎక్కిపోతుంది. దీనికి ఆపరేషన్ అక్కర్లేదు. తేడా కనిపెట్టడానికి ఇంట్లో అన్నిటికన్నా మంచి సమయం బాబుకి లాల పోసేటప్పుడు. కాళ్లు చాపుకుని వాడిని మీద పడుకోబెట్టుకుని గోరువెచ్చటి నీళ్లు పోశాక, వాడు ఏడుపు ఆపి ఒళ్లు వదిలేసినప్పుడు తిత్తి కిందికి వేలాడుతుంది. అప్పుడు చెయ్యి తగిలించకుండా చూడండి. రెండువైపులా గుండ్రంగా కనపడితే అది లాక్కునే రకం. కుడివైపు ఎప్పుడూ చదునుగా, చిన్నదిగా, ముడతలు లేకుండా ఉంటే దిగని రకమే అయ్యుండొచ్చు.

సర్జన్ చూసేదీ దాదాపు ఇలాగే. గది వెచ్చగా ఉండాలి, చేతులు వెచ్చగా ఉండాలి, బిడ్డ తల్లి ఒడిలో ఉండాలి. ఎడమ చేతి వేళ్లకి కాస్త సబ్బు నీళ్లు రాసుకుని, తుంటి ఎముక దగ్గర మొదలుపెట్టి గజ్జ మడత వెంబడి కిందికి మెల్లగా తోసుకుంటూ వస్తారు. చర్మం కింద చింతపిక్కంత మెత్తటిది జారుతూ తగులుతుంది. దాన్ని కుడి చేతి వేళ్లతో పట్టుకుని తిత్తిలోకి దింపి, ఒక అరనిమిషం అక్కడే ఉంచి వదిలేస్తారు. వదిలాక కూడా అక్కడే కాసేపు నిలిస్తే లాక్కునేది. రబ్బరులా వెంటనే పైకి పోతే దిగనిది. ఈ పరీక్ష చేయకుండా స్కాన్ కాగితం చూసి ఆపరేషన్ రాసినా, వద్దన్నా ఇంకొకరికి చూపించండి. లాక్కునే రకం అని తేలినా ఊరుకోవద్దు. వాటిలో కొన్ని ఐదు నుంచి పదేళ్ల మధ్య నిజంగానే పైకి ఎక్కిపోయి ఉండిపోతాయి, కాబట్టి యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికోసారి చూపించాలి.

స్కాన్ గురించి ఒక మాట. చేతికి తగిలే బీజానికి స్కాన్ అవసరమే లేదు, తగలనిదానికి స్కాన్ మీద ఆధారపడలేం. గజ్జల్లోని లింఫు గడ్డని చూసి బీజం అని రాసిన రిపోర్టులుంటాయి. కడుపులో ఉన్న బీజం కనపడక అసలు లేదని రాసినవీ ఉంటాయి. మీరు తీయించారు కాబట్టి దాచుకోండి, మళ్లీ మళ్లీ తీయించకండి. సీటీ, ఎంఆర్ఐ ఇంకా అనవసరం.

ఇంజెక్షన్లతో దింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. హెచ్‌సీజీ అనే హార్మోను ఇంజెక్షన్లు వారానికి రెండేసి చొప్పున కొన్ని వారాలు ఇస్తారు. దిగేవి ఐదింట ఒకటి, అందులోనూ చాలావరకు లాక్కునే రకమే. దిగినవాటిలో కొన్ని మళ్లీ ఎక్కుతాయి. ఈలోపు విలువైన నెలలు పోతాయి.

నూనె మర్దనతో బీజం దిగదు. దాన్ని పట్టి ఉంచేది చర్మం కాదు, లోపలి పొరలు. అదీకాక ఇలాంటి పిల్లల్లో పదింట తొమ్మిదిమందికి దాని పక్కనే కడుపులోంచి తెరుచుకుని ఉన్న హెర్నియా దారి, అంటే పేగు జారే సందు, ఉంటుంది. గజ్జల్లో గట్టిగా నొక్కి రుద్దితే బిడ్డకి నొప్పి తప్ప లాభం లేదు. పెద్దవాళ్లని నొప్పించకుండా, ఒళ్లంతా రాయండి గానీ గజ్జలు వదిలేయండని చెప్పండి. మన వైపు బోదకాలు, వరిబీజం ఎక్కువ కాబట్టి ఇది కూడా వరిబీజంలాంటిదే అనుకునేవాళ్లున్నారు. రెండింటికీ సంబంధం లేదు. వరిబీజంలో బీజం చుట్టూ నీరు చేరుతుంది. ఇక్కడ తిత్తి ఖాళీగా ఉంటుంది.

ఆపరేషన్ ఎలా జరుగుతుంది. దీని పేరు ఆర్కిడోపెక్సీ. పూర్తి మత్తు ఇస్తారు. దాంతోపాటు నడుము చివర చిన్న ఇంజెక్షన్ ఇస్తే లేచాక ఐదారు గంటల దాకా నొప్పి తెలియదు. గజ్జల్లో ఉన్నదానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పసివయసులో మత్తు మెదడుకి మంచిది కాదంటారే అని చాలామంది అడుగుతారు. ఆ హెచ్చరిక మూడేళ్లలోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు, లేదా పదే పదే ఇచ్చే మత్తు గురించి. గంటలోపు ఒక్కసారి ఇచ్చినదాని వల్ల తర్వాత చదువులో, తెలివిలో తేడా కనపడలేదు.

గజ్జ మడత వెంబడే 2 నుంచి 3 సెంటీమీటర్ల కోత పెడతారు, పెద్దయ్యాక ఆ గుర్తు వెతికితే గానీ కనపడదు. బీజాన్ని కింద పట్టి ఉంచిన తాడులాంటి కండని కోసి విడిపిస్తారు. అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. బీజానికి వెళ్లే రక్తనాళాలూ, దారప్పోగంత సన్నటి వీర్యనాళమూ ఒక తాడులా కలిసి ఉంటాయి. ఆ తాడుకి ముందువైపు హెర్నియా పొర అంటుకుని ఉంటుంది, తడిసిన ఉల్లిపొరలా. దాన్ని చిరగనివ్వకుండా, వెనకున్న నాళాలకి దెబ్బ తగలనివ్వకుండా పై దాకా విడదీసి, కడుపులోకి తెరుచుకునే చోట ముడి వేయాలి. ఈ పొర విడిపోగానే తాడు ఒక్కసారిగా రెండు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. ఇంకా చాలకపోతే పక్కనున్న పీచులు విడదీస్తారు. అప్పటికీ చాలకపోతే తాడుని కడుపు గోడలోని ఒక రక్తనాళం కిందుగా మళ్లించి దగ్గరి దారి చేస్తారు.

తర్వాత తిత్తి మీద ఒక సెంటీమీటరు కోత పెట్టి, చర్మానికీ కింది పొరకీ మధ్య చిన్న జేబు తయారుచేస్తారు. బీజాన్ని ఆ జేబులో పెట్టి, పైన మూతి సన్నగా చేస్తారు, మళ్లీ పైకి జారకుండా. బీజం లోపలి నుంచి సూది పోనిచ్చి కుట్టకూడదు. ఆ సూది దారిలో రక్తనాళాలూ, వీర్యం తయారయ్యే గొట్టాలూ దెబ్బతింటాయి. చర్మానికి కరిగిపోయే కుట్లే, తీయక్కర్లేదు.

ఏది ఎక్కడ తప్పుతుందో కూడా తెలుసుకోండి. హెర్నియా పొరని పూర్తిగా విడదీయకుండా బీజాన్ని బలవంతంగా లాగి కూర్చోబెడితే తాడు బిగుసుకుపోతుంది. అప్పుడు రెండింట ఒకటి జరుగుతుంది, కొన్ని నెలల్లో బీజం మళ్లీ పైకి పోతుంది, లేదా రక్తం అందక ఎండి వడలిపోతుంది. కిందికి దించేటప్పుడు తాడు మెలిక పడినా ఇదే ప్రమాదం. గజ్జల్లో ఉన్న బీజాలకి అలవాటున్న చేతుల్లో నూటికి 95 పైన సవ్యంగా కుదురుతాయి, వడలిపోయేవి నూటికి ఒకటో రెండో. మళ్లీ పైకి పోయినదానికి రెండో ఆపరేషన్ చేయొచ్చు గానీ, పాత మచ్చలో నాళాలన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి అది మొదటిదానికన్నా ఎంతో కష్టం. అందుకే మొదటిసారే పిల్లల సర్జన్ చేత, పసిపిల్లలకి మత్తు ఇవ్వడం అలవాటున్న డాక్టరు ఉన్నచోట చేయించండి. ముందుగా శ్రీకాకుళం, విజయనగరం సర్వజన ఆసుపత్రుల్లో ఆ రోజుల్లో పిల్లల సర్జన్ ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే విశాఖ కేజీహెచ్‌లో పిల్లల సర్జరీకి వేరే విభాగమే ఉంది.

మీ బాబుది కాకపోయినా, ఇది చదివే ఇంకొకరి కోసం చెబుతున్నాను. బీజం దిగని పిల్లల్లో నూటికి ఇరవై ముప్పై మందికి అది చేతికి అసలు తగలదు. వాళ్లకి మత్తు ఇచ్చాక, కండరాలు వదులయ్యాక ఇంకోసారి వెతుకుతారు. అప్పుడూ తగలకపోతే బొడ్డు దగ్గర నుంచి లాపరోస్కోపీ కెమెరా పెట్టి కడుపులో చూస్తారు. రక్తనాళాలు మధ్యలోనే ఆగిపోయి ఉంటే, తల్లి కడుపులోనే మెలిక పడి ఆ బీజం కరిగిపోయిందని అర్థం. లోపల ఉండి, నాళాలు పొడుగు చాలితే ఒకేసారి దించుతారు. చాలకపోతే రెండు దఫాలుగా చేసే పద్ధతి ఉంది, ఫౌలర్, స్టీఫెన్స్ అనే ఇద్దరు సర్జన్ల పేరు మీద. బీజానికి రక్తం మూడు దారుల్లో వస్తుంది. మొదటి దఫాలో వాటిలో పెద్దదాన్ని, పొట్టిగా ఉండి దిగనివ్వనిదాన్ని క్లిప్పు పెట్టి మూసేస్తారు. ఆరు నెలల్లో వీర్యనాళం పక్కనున్న చిన్న నాళాలు లావెక్కి ఆ పని అందుకుంటాయి. రెండో దఫాలో దించుతారు. నూటికి 80కి పైగా బతుకుతాయి. మధ్యలో ఆ ఆరు నెలల తర్వాత రావడం మానేసేవాళ్లు ఉంటారు, దయచేసి అలా చేయకండి.

పుట్టిన బిడ్డకి రెండువైపులా తగలకపోతే, ముఖ్యంగా మూత్రం రంధ్రం కూడా కొస మీద కాకుండా కిందికి ఉంటే, ఆరు నెలలు కాదు ఆరు రోజులు కూడా ఆగొద్దు. అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి జబ్బు వల్ల పైకి మగబిడ్డలా కనపడే ఆడబిడ్డ కూడా కావచ్చు. ఆ జబ్బులో రెండో వారంలోనే వాంతులతో ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే రక్తపరీక్షలు కావాలి.

అలాగే ఎవరికైనా తిత్తి ఖాళీగా ఉన్న వైపు గజ్జల్లో ఉన్నట్టుండి గడ్డలా ఉబ్బి, బిడ్డ ఏడుపు ఆపకపోయినా, వాంతులు అయినా అది పేగు ఇరుక్కోవడమో బీజం మెలిక పడడమో. మెలికయితే ఆరు గంటల్లోపు విప్పాలి. రాత్రయినా బయల్దేరండి.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద ప్రశ్న, పిల్లలు పుడతారా అన్నది. ఒకప్పుడు ఆలస్యంగా ఆపరేషన్ అయినవాళ్లని పెద్దయ్యాక చూసిన లెక్కల్లోనే, ఒకవైపు సమస్య ఉన్నవాళ్లలో నూటికి సుమారు 90 మంది తండ్రులయ్యారు. ఏ సమస్యా లేనివాళ్లలో అది 94 దాకా ఉంది. రెండువైపులా దిగనివాళ్లలో మాత్రం 65 దగ్గరే ఆగింది. కాబట్టి రెండువైపులా ఉన్న పిల్లలకి నెలలు ఇంకా విలువైనవి. మగతనానికీ, పెళ్లికీ ఏ అడ్డూ లేదు. పెళ్లి సంబంధాలప్పుడు దాచాల్సినంత విషయం కూడా కాదిది.

క్యాన్సర్ మాట వినగానే గుండె ఆగినట్టవుతుంది కాబట్టి అంకెలతో చెబుతాను. దిగని బీజంలో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువే. స్వీడన్‌లో ఆపరేషన్ చేయించుకున్న 16,983 మందిని ఏళ్ల తరబడి గమనించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, 13 ఏళ్లలోపు చేయించుకున్నవాళ్లకి ఆ అవకాశం రెండింతల పైచిలుకు, 13 దాటాక చేయించుకున్నవాళ్లకి ఐదింతల పైచిలుకు అని తేలింది. కానీ ఈ క్యాన్సర్ మన దేశంలో చాలా అరుదు, లక్షమంది మగవాళ్లలో ఏడాదికి ఒకరికన్నా తక్కువ. దానికి రెండింతలన్నా చిన్న అంకే. ఆపరేషన్ ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. తిత్తిలో ఉంటే గడ్డ చేతికి తగులుతుంది, కడుపులో ఉంటే తగలదు. కాబట్టి 14, 15 ఏళ్లు వచ్చాక నెలకోసారి స్నానం చేశాక రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి చూసుకోవడం వాడికి నేర్పాలి. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే వెంటనే చూపించుకోవాలి. అమ్మకి చెప్పడానికి సిగ్గుపడతాడు, వాళ్ల నాన్న చెబితే మంచిది.

ఆపరేషన్‌కి ముందు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే తగ్గాక కొన్ని వారాలు ఆగి చేస్తారు. ఆ రోజు పొద్దున్న గేదెపాలు, డబ్బాపాలు, బిస్కట్, ఇడ్లీ ఏదైనా ఆరు గంటల ముందే ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు. ఏడుస్తున్నాడని ఎవరో ఒక బిస్కట్ ముక్క పెడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, అందుకే డాక్టర్లు అంత పట్టుబడతారు. మొలతాడు తీసేయాలి. వెండిదయితే తప్పనిసరి, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలినచోట కాలొచ్చు. నల్లదారమైనా కోత దగ్గర మురికి చేరుతుంది. గాయం మానాక మంచిరోజు చూసి కొత్తది కట్టుకోవచ్చు.

ఇంటికొచ్చాక. మామూలుగా ఆ సాయంత్రమే పంపిస్తారు. ఇచ్ఛాపురం, పాలకొండ అంత దూరం నుంచి వచ్చేవాళ్లు ఆ రాత్రి అక్కడే ఉండిపోవడం మేలు. నొప్పికి పారాసిటమాల్ చాలు, కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. పది కిలోల బిడ్డకి ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 అని ఉంటే 6 మిల్లీలీటర్లు, 250 అని ఉంటే 3 మిల్లీలీటర్లు. ఈ రెండు సీసాల మధ్య పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది, పోసేముందు లేబుల్ చదవండి. బాబు బరువు తూచి మీ సర్జన్ రాసిచ్చిన మోతాదే ఇవ్వండి.

తిత్తి వారం పది రోజులు వాచి, నీలంగా ఉంటుంది. అది మామూలే. రెండో రోజు తర్వాత 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి జ్వరం, చీము, రోజురోజుకీ పెరిగే వాపు మాత్రం చూపించాలి. గాయం మీద పసుపు, విభూతి, నూనె ఏదీ వద్దు. నడుస్తాడు, నడవనివ్వండి. మూడు వారాలు చంకన ఎత్తుకోవద్దు. కాళ్లు రెండువైపులా వేసి నడుముకి ఒత్తుకున్నప్పుడు ఆ బరువంతా కొత్తగా కూర్చున్న బీజం మీద పడుతుంది. రెండు చేతుల మీద అడ్డంగా ఎత్తుకోండి, ఇంటికొచ్చే చుట్టాలక్కూడా చెప్పండి. మూడు చక్రాల సైకిలు, చెక్కగుర్రం లాంటివీ అప్పటిదాకా వద్దు.

వారం తర్వాత గాయం, మూడు నెలలకి, ఏడాదికి బీజం ఎక్కడుందో, ఎంతుందో చూస్తారు. నొప్పి లేదు కదా అని మూడు నెలల చూపు మానేస్తే పైకి పోయినదీ వడలినదీ తెలియదు. తర్వాత మళ్లీ యుక్తవయసు వచ్చేటప్పుడు ఒకసారి.

సంక్రాంతి సంగతి. ఇప్పుడు ఆగస్టు, సంక్రాంతికి బాబుకి 19 నెలలు నిండుతాయి. రెండు మూడు వారాల తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు, అమావాస్య, మూఢం చూసుకుని ఆ రెండు మూడు వారాల్లో మంచిరోజు ఎంచుకోవచ్చు. ఐదు నెలలు మాత్రం ఆపొద్దు. పండగకి వచ్చాక జలుబు చేస్తే, చుట్టాలొస్తే అది వేసవికి పోతుంది. మీ ఆయన రాలేకపోయినా పరవాలేదు, ఆపరేషన్ కాగితం మీద తల్లి సంతకం చెల్లుతుంది. సర్జన్ దగ్గరికి వెళ్లిన రోజు ఫోన్లో ఆయన్ని కూడా కలపండి, ఆయన అడగాల్సినవి నేరుగా అడుగుతారు.

ఎన్టీఆర్ వైద్య సేవ అనే ప్రభుత్వ పథకం కింద చేసే పిల్లల సర్జరీల్లో ఇది కూడా ఉంది. పథకం ఉన్న ఆసుపత్రిలో వైద్యమిత్రని కలిసి, ముందుగా అనుమతి వచ్చాకే తేదీ వేయించుకోండి. బియ్యం కార్డు, మీ ఆధార్, బాబు ఆధార్, కార్డులో వాడి పేరు ఇంకా ఎక్కకపోతే పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. వీటితోపాటు కాన్పప్పటి డిశ్చార్జి కాగితం కూడా వెతికి పెట్టుకోండి. పుట్టినరోజున బిడ్డని చూసిన డాక్టరు రెండు బీజాలూ దిగాయో లేదో అందులో రాసి ఉండొచ్చు. పుట్టినప్పుడే దిగలేదా, దిగి మళ్లీ పైకి పోయిందా అన్నది సర్జన్‌కి ఆ కాగితమే చెబుతుంది.